అడవే ఆఫీసు!

పులి బొమ్మ గోడకు అంటించుకునే పిల్లలు ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్లలో ఒకరో ఇద్దరో ఇంటర్‌కొచ్చాక కూడా అదే మాటంటారు... 'నేను అడవిలో పనిచేస్తా' అని. ఇంట్లో గుబులు అక్కడే మొదలవుతుంది. 'అడవిలో ఉద్యోగమేంటి? దానికో చదువుందా? జీతమొస్తుందా?' అని.

చదువుంది. జీతమూ వస్తుంది. అయితే, జంతువులంటే ఇష్టం ఒక్కటే చాలదు. మైళ్లకు మైళ్లు నడవాలి. చూసింది చూసినట్టు రాసుకోవాలి. అడవి పక్కన బతికేవాళ్ల మాట వినాలి.

కలివికోడి పాఠం

ఈ మూడూ ఎందుకో తెలియాలంటే కడప జిల్లా లంకమల అడవుల కథ వినాలి. 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయుడు లోకానికి పరిచయం చేసిన కలివికోడి 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో అది మళ్లీ దొరికింది. దానికోసం వెతుకుతున్నది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్. రాత్రివేళ దాన్ని పట్టుకుని చూపించింది మాత్రం పిట్టలు పట్టి బతికే స్థానికుడు ఐతన్న!

పిట్ట దొరికింది సరే, ఎక్కడెక్కడ ఉందో తేలేదెలా? అది తిరిగేది రాత్రి, దాక్కునేది ముళ్లపొదల్లో. 2000 తర్వాత పరిశోధకులు ఓ ఉపాయం చేశారు. పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లారాక కాలిముద్రలు వెతికారు. వాటంతటవే ఫొటోలు తీసే కెమెరాలూ పెట్టారు. తెలుగుగంగ కాలువ ఆ పొదల మీదుగా రాబోయినప్పుడు ఈ ఆధారాలే అక్కరకొచ్చాయి. చివరికి కాలువ దారి మార్చారు. పిట్ట మీద ప్రేమ ఎంతున్నా, కాలువను పక్కకు జరపాలంటే లెక్క చూపించాలి మరి. వన్యప్రాణి శాస్త్రం నేర్పేది ఆ లెక్కే.

ఎక్కడ చదవాలి?

మన దేశంలో ఈ చదువుకు పెద్ద దిక్కు దెహ్రాదూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ. 1982లో మొదలైంది. ఇక్కడ వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ ఉంది. బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ కూడా వన్యప్రాణి జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ నడుపుతోంది. దీనికి ప్రవేశాలు రెండేళ్లకోసారే. రెండుచోట్లా సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాలలో బీఎస్సీ ఫారెస్ట్రీ చదవొచ్చు.

జువాలజీ చదివితేనే అనుకోనక్కర్లేదు. పులుల శాస్త్రవేత్తగా పేరొందిన ఉల్లాస్ కారంత్ మొదట చదివింది మెకానికల్ ఇంజినీరింగ్! ప్రతి పులి చారలూ మన వేలిముద్రల్లా వేరువేరుగా ఉంటాయి. ఆ కిటుకుతో నాగర్‌హొళెలో కెమెరాలు పెట్టి పులుల్ని లెక్కించే పద్ధతిని 1990లలో ఆయన గాడిలో పెట్టారు. గణాంకశాస్త్రం, కంప్యూటర్ తెలిసినవారికి ఇప్పుడు ఇలాంటి పనుల్లో గిరాకీ ఉంది.

ప్రయోగశాల ఇష్టమైతే హైదరాబాద్ అత్తాపూర్‌లోని 'లాకోన్స్' ఉండనే ఉంది. సీసీఎంబీకి చెందిన ఈ కేంద్రం పరిశోధనలతోనే 2006లో కృత్రిమ గర్భధారణ ద్వారా ఓ చుక్కల జింకపిల్ల పుట్టింది. ఇక వెటర్నరీ చదివినవారికి జంతు ప్రదర్శనశాలల్లో, అభయారణ్యాల్లో పని ఉంటుంది.

ఖాకీ కల

సర్కారీ కొలువే కావాలంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ ఉంది. యూపీఎస్సీ నిర్వహించే ఈ పరీక్షకు సైన్స్, వ్యవసాయం, ఇంజినీరింగ్ పట్టభద్రులు అర్హులు. 2013 నుంచి దీనికీ సివిల్స్‌కీ ప్రిలిమ్స్ ఒక్కటే. రాష్ట్ర స్థాయిలో డిగ్రీతో రేంజ్ ఆఫీసర్, ఇంటర్‌తో బీట్ ఆఫీసర్ పోస్టులు పడుతుంటాయి. రాతపరీక్ష గట్టెక్కితే అయిపోదు. నాలుగు గంటల్లో పురుషులు 25, మహిళలు 16 కిలోమీటర్లు నడిచి చూపించాలి!

ఉద్యోగంలో చేరాక మరో బడి మొదలవుతుంది. నల్లమలలో పులుల కాపలాకు అటవీశాఖ చెంచుల్ని నియమించుకుంది. విరిగిన కొమ్మను, మట్టిలో జాడను చూసి ఏ జంతువు ఎటు వెళ్లిందో చెప్పడంలో వాళ్లు దిట్టలు. కొత్తగా వచ్చిన అధికారి వాళ్ల వెనక నడిచి నేర్చుకోవాల్సిందే.

కష్టమూ ఉంది

అమ్మానాన్నలకు ముందే చెప్పాల్సిన సంగతులూ ఉన్నాయి. ప్రభుత్వ నోటిఫికేషన్లు ఏటా రావు. స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధన ప్రాజెక్టుల్లో కొలువులు చాలావరకూ ఒప్పందం మీదే. ప్రాజెక్టు ముగిస్తే మరోటి వెతుక్కోవాలి. పేలు, దోమలు, మలేరియా మామూలే. పండక్కి ఇంటికి రాలేని ఏడాదులుంటాయి. వారాలపాటు తిరిగినా పులి కనబడకపోవచ్చు. దాని పెంట ఏరి, ఎండబెట్టి, ఏం తిన్నదో తేల్చడంలోనే రోజులు గడిచిపోవచ్చు. అది విని కూడా 'సరే' అనే పిల్లలకు ఈ దారి సరిపోతుంది.

ఇష్టం నిజమైందో కాదో తేల్చుకోవడానికి దెహ్రాదూన్ దాకా వెళ్లక్కర్లేదు. ఓ నోటుపుస్తకం, పెన్నుతో పొద్దున్నే ఊరి చెరువు గట్టెక్కితే చాలు. ఏ పిట్ట, ఎన్ని, ఏ వేళకు, ఏం చేస్తోంది... ఇవే రాసుకోవాలి. పేరు తెలియకపోతే గట్టున గొర్రెలు కాసే తాతనడగాలి. ఏడాదిపాటు వారం వారం ఆ పుస్తకం నిండిందంటే, ఆ పిల్లలకు సగం శిక్షణ అయినట్టే!