నీటిలోపలి ఛాయాచిత్రములు: లెన్సును, పెట్టెను ఎంచుకొనుట

సిద్దిపేటకు సముద్రము లేదు. హైదరాబాదు చేరి, అచ్చటనుండి రాత్రియంతయు రైలులో గడపినగాని విశాఖపట్టణపు తీరము కనబడదు. అయినను ఇటీవల మన పట్టణపు సోదరీమణులు కొందఱు సెలవులకు అండమాను దీవులకు పోవుచు, పోవుటకు ముందు మమ్ము నడుగు ప్రశ్న యొక్కటే: “నీటిలోపల ఫొటోలు తీయుటకు ఏ కెమెరా కొనవలెను?” విశాఖకు చేరువనున్న ఋషికొండ తీరమందును డైవింగు నేర్పువారున్నారు. కావున దీనిని గొప్పయింటివారి వినోదమని త్రోసివేయుటకు వీలులేదు. అయితే ప్రశ్నను కొంచెము మార్చుకొనవలెనని మా యభిప్రాయము. కెమెరా మాట తరువాత చూచుకొనవచ్చును. దానిని నీరు తగులకుండ దాచు పెట్టె, ఆ పెట్టెకు ముందుండు అద్దము, ఆ యద్దము వెనుకనుండు లెన్సు, ఈ మూడింటిని బట్టియే బొమ్మ కుదురుటయు, చెడుటయు. ఆ పెట్టెను హౌసింగు అనియు, ముందరి యద్దమును పోర్టు అనియు వర్తకులు పిలుతురు.

గాజుగ్లాసులో నీరు పోసి చెంచా నిలిపి చూడుడు. నీటిలోని భాగము విఱిగినట్లును, లావెక్కినట్లును తోచును. కాంతి నీటినుండి గాలిలోనికి వచ్చునపుడు వంగుటయే దీనికి కారణము. బల్లపరుపు అద్దమునుండి చూచినచో నీటిలోని చేప తానున్న దూరములో నాల్గింట మూడు వంతుల దూరముననే యున్నట్లును, మూడింట నొక వంతు పెద్దదిగాను కనబడును. అనగా ఒడ్డున విశాలముగా చూడగల లెన్సు నీటిలో ఇఱుకుచూపు గలదగును. మిక్కిలి వెడల్పు చూపుగల లెన్సును బల్లపరుపు అద్దము వెనుక నుంచినచో బొమ్మ యంచులు మసకబాఱి, రంగులు చీలిపోవును. అట్టి లెన్సునకు బోర్లించిన గిన్నెవంటి గుమ్మటపు అద్దము, అనగా డోము, కావలెను. అది చూపు వెడల్పును నిలుపును. కాని దానివలన ఎదుటి దృశ్యము అద్దమునకు అతిసమీపమున నున్నట్లు లెన్సునకు తోచును గనుక, మిక్కిలి దగ్గఱగా ఫోకసు చేయగల లెన్సయిననే పనికివచ్చును. చిన్న వస్తువులను దగ్గఱగా తీయు మాక్రో లెన్సునకు మాత్రము బల్లపరుపు అద్దమే చాలును; ధరయు తక్కువ.

ఇక అసలు చిక్కు నీటిదే. మన కోమటిచెఱువు నీటిని దోసిట పట్టినచో తేటగా నుండవచ్చును. అదే నీరు బారెడు మందమైనచో తెఱవలె అడ్డుపడును. సముద్రము ఎంత నిర్మలమైనను ఇదే సంగతి. నీరు మొదట ఎఱుపును మ్రింగును. సుమారు 5 మీటర్ల లోతునకే ఎఱ్ఱచీర గోధుమవన్నెగా, ఇంకను దిగినచో నలుపుగా కనబడును. పిమ్మట నారింజ, ఆపైని పసుపు తగ్గిపోవును. లోతు మాత్రమే కాదు, వస్తువునకును లెన్సునకును నడుమనున్న నీరును ఇట్లే దోచుకొనును. అందువలన దూరపు వస్తువును దగ్గఱకు తెచ్చు లెన్సు నీటిలో ఎందుకును కొఱగాదు. మనమే దగ్గఱకు పోవలెను. మూరెడు దూరము మంచిది, జానెడు మఱియు మంచిది.

ఈ కారణముచేతనే క్రొత్తగా నేర్చువారు మాక్రోతో మొదలిడుట మేలని మేము తలతుము. పగడపు దిబ్బయంతటిని ఒక్క బొమ్మలో బంధింపవలెనన్న కోరిక సహజమే. కాని అంత విశాలమైన దృశ్యమునకు వెలుగు చాలదు. రెండు పెద్ద ఫ్లాష్‌లు, వెలగల డోము కావలసివచ్చును. చిన్న పీతకో, సముద్రపుష్పము నడుమ దాగిన నారింజవన్నె చేపకో ఒక్క ఫ్లాష్ చాలును, పోయిన ఎఱుపును మరల వచ్చును. ఫ్లాష్‌ను మాత్రము లెన్సు ప్రక్కనే ఉంచరాదు. మంచుపడిన తెల్లవాఱుజామున మోటారుకారు దీపములు వేసినచో ఎదుట తెల్లని పొగయే కనబడునట్లు, నీటిలోని నలుసులు మెఱసి బొమ్మనిండ తెల్లచుక్కలు పడును. దానిని చేయి చాచినంత ప్రక్కకు నిలుపవలెను. పిల్లలు ఈదుచున్న బొమ్మలే కావలసినవారికి మాత్రము వెడల్పు లెన్సే తగినది. పైపైనీటిలో ఎండవెలుగే చాలును.

సముద్రము లేని ఊరివారికి ఈ విద్య యేల యనువారికి లోటీ హాస్ కథ చెప్పవలసియున్నది. ఈమెది ఆస్ట్రియా దేశపు వియన్నా నగరము. అదియు సముద్రము లేని చోటే. సముద్రాన్వేషకుడైన హాన్స్ హాస్ కార్యాలయములో ఈమె కార్యదర్శిని. యాత్రకు స్త్రీని తీసికొనిపోవుట కాయన మొదట ఇష్టపడలేదు. ఈమె వియన్నా యొద్ద డాన్యూబు నది నిలువనీటిలో దిగి ఫొటోలు తీయుట అభ్యసించి, 1950లో ఎఱ్ఱసముద్రపు యాత్రలో చేరినది. తరువాత ఆయనను వివాహమాడినది.

పెట్టె విషయమునకు వత్తము. టెలిఫోనును ప్లాస్టిక్ సంచిలో పెట్టి నీట దింపుట అన్నిటికన్న చౌక. కాని నీటిలో ఆ తెఱ వ్రేలిమాట వినదు, సంచి ముడుతలు బొమ్మను చెఱచును. సంచియే లేకుండ నీటికాగునని చెప్పబడు ఫోనులను మంచినీటిలో, కదలికలేని చోట పరీక్షింతురు. ఉప్పునీటిలో చెడినచో హామీ సాధారణముగా వర్తింపదు. తానై నీటికాగు చిన్న కెమెరా ఇంతకన్న మేలు. 2023లో వచ్చిన ఓఎమ్ సిస్టమ్ టీజీ-7 పెట్టె లేకయే 15 మీటర్ల వఱకు దిగును, లెన్సునకు ఒక్క సెంటీమీటరు దూరమున నున్న దానిని గూడ స్పష్టముగా పట్టును. దాని పెట్టెలో 45 మీటర్లు. గోప్రో కెమెరా 10 మీటర్లు, పెట్టెలో 60 మీటర్లు దిగును. చలనచిత్రములకు మంచిది గాని జానెడు దూరములోని చిన్న ప్రాణి దానికి మసకయే. పెద్ద కెమెరా యిదివఱకే యింట నున్నవారు దానికి సరిపోవు పెట్టె ధర ముందుగా విచారింపవలెను. లోహపు పెట్టె ధర పలుమాఱు కెమెరా ధరను మించును. పారదర్శకమైన పాలీకార్బొనేటు పెట్టెలు చౌక. లోపలికి చెమ్మ వచ్చినచో కంటికి కనబడుట వానియందలి గొప్ప సుగుణము. ముందరి యద్దముపైని, నీటిలోనే తగిలించుటకు, తీయుటకు వీలగు లెన్సులు కలవు. వీనికి 67 మిల్లీమీటర్ల మఱ సామాన్యముగా వాడుకలో నున్నది. ఆ మఱగల పెట్టెను కొన్నవారు కెమెరా మార్చినను లెన్సులను విడువనక్కఱలేదు.

కాని ఎంత వెలపెట్టి కొన్నను పెట్టెను కాపాడునది మూతచుట్టునుండు సన్నని రబ్బరు వలయమే. దీనిని ఓ-రింగు అందురు. ప్రెషరు కుక్కరు రబ్బరు సంగతి తెలిసిన గృహిణికి దీనిని గుఱించి వేఱుగా బోధింపనక్కఱలేదు, ఇంజనీరుకన్న ఆమెయే చక్కగా గ్రహించును. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతునకు చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలో బరువు అదనముగా పడును. 15 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు గల మూతపై 20 మీటర్ల లోతున 300 కిలోలు. అనగా నాలుగు వడ్లబస్తాలు. వింతయేమనగా ఈ బరువే మూతను బిగించును. నీరు చొచ్చుట సాధారణముగా పైపైనీటిలోనే జరుగును. దానికి కారణము ఒక తలవెండ్రుక, ఒక ఇసుకరేణువు, తువాలు పోగు. కావున జుట్టు ముడివైచుకొని, చేతులు కడిగి, వెలుతురున కూర్చుండి వలయమును తీయవలెను. పిన్నీసుతో లాగరాదు, గీఱుకొనిపోవును. ప్లాస్టిక్ కార్డు అంచు చాలును. పోగులు రాలని బట్టతో తుడిచి, పెట్టెతో వచ్చిన గ్రీజునే మెఱుపు కనబడునంత పూయవలెను. గ్రీజు నీటిని ఆపునది కాదు, రబ్బరు సాఫుగా జరుగుటకు మాత్రమే. కొబ్బరినూనె, వాసెలిను కూడదు.

మొదటిసారి పెట్టెలో కెమెరా పెట్టకుడు. ఒక టిస్యూకాగితము పెట్టి మూసి, పెరటి గోలెములో అరగంట అదిమిపట్టి చూడుడు. కాగితము పొడిగానున్న పిమ్మటనే కెమెరా. వానకాలపు తేమలో మూసిన పెట్టె నీటిలో చల్లబడగానే అద్దమునకు లోపల ఆవిరి పట్టును. క్రొత్త సిలికా జెల్ పొట్లము నొకటి లోపల నుంచుడు.

అభ్యాసమునకు ఈతకొలనే తగినది. రంగనాయకసాగరు, మల్లన్నసాగరు చూచుటకు ముచ్చటగా నుండునుగాని దిగుటకు గావు. 2025 జనవరిలో కొండపోచమ్మసాగరులో ఐదుగురు యువకులు మునిగి మరణించిరి. కట్టల వాలు జాఱుడుగా నుండి, రెండడుగులలోనే లోతు వచ్చును. కెమెరా చేతనున్నవారి దృష్టి కాలిక్రింద నుండదు. సముద్రమున మొదటిసారి దిగువారు సయితము కెమెరాను ఒడ్డుననే విడిచి, ఊపిరి నిలుకడ చిక్కిన తరువాతనే చేపట్టవలెను. బొమ్మ నిలుకడగా వచ్చుటకై పగడములను పట్టుకొనుట, వానిపై కాలు మోపుట తగదు. అవి ప్రాణముగలవి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షింపబడుచున్నవి.

పైకి రాగానే పెట్టెను తెఱువక మంచినీటి బకెట్టులో అరగంట నాననిచ్చి, నీటిలోనే మీటలన్నియు పలుమాఱు నొక్కవలెను. లేనిచో ఉప్పు గడ్డకట్టి మీటలు బిగిసికొనును. నీడను ఆరబెట్టి, మూతక్రింది తడి తుడిచి, తల తడియారిన తరువాతనే తెఱువుడు. జడనుండి జాఱిన ఒక్క ఉప్పునీటిబొట్టు చాలును కెమెరా పాడగుటకు.