ఫైలుది ఏ రంగుల పరిధి?

షార్ట్‌ఫిల్మ్ తీసినవాళ్లు థియేటర్ కాపీ కోసం వస్తే నేను మొదట అడిగేది ఒకటే: "గ్రేడింగ్ ఏ మానిటర్ మీద, ఏ సెట్టింగ్‌లో చేశారు?" నిడివి, సబ్‌టైటిల్స్ సంగతి తర్వాత.

టీవీకి, యూట్యూబ్‌కి చేసే హెచ్‌డీ వీడియో సాధారణంగా రెక్ 709 అనే రంగుల పరిధిలో ఉంటుంది. థియేటర్‌కు వెళ్లే డిజిటల్ కాపీ అయిన డీసీపీలో రంగులు ఎక్స్‌వైజెడ్ అంకెలుగా ఉంటాయి. మనిషి కంటిచూపు మీద జరిపిన కొలతలతో 1931లో రూపొందిన పద్ధతి అది. ఫలానా తెరకు కట్టుబడి ఉండదు. హాలీవుడ్ స్టూడియోల ఉమ్మడి సంస్థ డీసీఐ 2005లో దాన్నే ప్రమాణంగా నిర్ణయించింది. 12 బిట్లు, గామా 2.6, తెర మీద తెలుపు 48 నిట్లు.

వీడియోను ఎక్స్‌వైజెడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌లో మనం చెప్పాల్సింది మూలం ఏ పరిధిలో ఉందన్నది. చాలామంది తడబడేది ఇక్కడే. "సినిమాకే కదా" అని 709 ఫైలుకు సినిమా ప్రొజెక్టర్ల విశాలమైన పరిధి పీ3 ఎంచుకుంటే పెళ్లికూతురి పసుపుచీర గాఢమై కళ్లలో గుచ్చుతుంది, చర్మం ఎర్రబారుతుంది. పీ3లో గ్రేడ్ చేసినదాన్ని 709 అంటే అదే చీర వెలవెలబోతుంది. ఎన్ని రాత్రులు కూర్చుని దిద్దుకున్న రంగులో! ఒక్క మెనూ దగ్గర పోగొట్టుకోవడం నాకు సహించదు.

రేంజ్ కూడా చూడండి. నలుపు నుంచి తెలుపు దాకా 16 నుంచి 235 వరకు అంకెలే వాడిన వీడియోను ఫుల్ రేంజ్ అనుకుంటే రాత్రి సీన్లలో నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది.

డీసీపీ సిద్ధమయ్యాక హాలువాళ్లను బతిమాలైనా మార్నింగ్ షోకి ముందు కాసేపు వేయించుకోండి. ముఖాల క్లోజప్‌లు, ఒక రాత్రి సీను చాలు.