స్క్రీన్ రీడర్ స్క్రిప్టుల హాట్‌కీలు, మెనూలు
కంప్యూటరు తెరపైనున్న పాఠ్యమును అంధులకు చదివి వినిపించు సాఫ్టువేరును స్క్రీన్ రీడర్ అంటారు. జాస్, 2006లో మొదలైన ఎన్‌వీడీఏ ఇందుకు ఉదాహరణలు. ఏదైనా ప్రోగ్రాములో వీటికి అదనపు పనులు నేర్పుటకు వ్రాయు ఆదేశముల సముదాయమే స్క్రిప్టు.

నొక్కిన మీట మొదట స్క్రీన్ రీడరుకు, తరువాత ప్రోగ్రామునకు చేరును. కావున స్క్రిప్టు 'కంట్రోల్+ఎస్'ను తనకు తీసుకొనినచో ఫైలు భద్రపరచబడదు; తెర చూడలేని వాడుకరికి ఆ సంగతి తెలియకపోవచ్చును. అందువలన హాట్‌కీలను సాధారణముగా ఇన్‌సర్ట్ మీటతో జతచేస్తారు. ఎన్‌వీడీఏలో ఇన్‌సర్ట్+ఎఫ్2 నొక్కినచో, ఆ తరువాతి మీట నేరుగా ప్రోగ్రామునకు చేరును.

హాట్‌కీలను గుర్తుంచుకోవలసి యుండును గనుక తరచుగా చేయు పనులకే వాటిని కేటాయించాలి. అరుదైన పనులను మెనూలో ఉంచినచో, బాణపు మీటలతో ఒక్కొక్కటిగా విని ఎంచుకొనవచ్చును. వినుటకు సమయము పట్టును. కావున ముఖ్యాంశము ముందుండాలి, పేర్లు క్లుప్తముగా ఉండాలి.