ఆవగింజ పాఠం, ఒక జాగ్రత్త

నాలుగైదేళ్ల పిల్లలకు చెవితో విన్నదానికంటే చేత్తో చేసింది ఎక్కువ గుర్తుంటుంది. మత్తయి 13వ అధ్యాయంలోని ఆవగింజ ఉపమానం చెప్పే ఆదివారం, ఒక్కొక్కరి అరచేతిలో ఒక ఆవగింజ పెట్టండి. వంటింటి ఆవాలే చాలు. కొబ్బరి చిప్పలో తడి మట్టి పోసి, వాళ్లచేతే విత్తించండి. నాలుగైదు రోజుల్లో మొలకలొస్తాయి. మరుసటి ఆదివారం కథ వాళ్లే మీకు చెబుతారు. మట్టి పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించడమూ పాఠంలో భాగమే. నయమాను యొర్దానులో ఏడుసార్లు మునిగిన కథ అప్పుడు చెప్పవచ్చు.

సండేస్కూలుకు అక్కల వెంట మూడేళ్లు నిండని తమ్ముళ్లూ వస్తారు. వాళ్ల చేతికి గింజలు, పూసలు ఇవ్వకండి. కలిపిన చపాతీ పిండి ముద్ద ఇస్తే సరిపోతుంది. ముక్కులోనో చెవిలోనో గింజ దూరితే పిన్నీసుతో తీయబోకండి, నీళ్లు పోయకండి. తడి తగిలితే గింజ ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. శనగగింజో వేరుశనగ పలుకో నోట్లో ఉండగా బిడ్డకు ఒక్కసారిగా దగ్గు పట్టి, కాసేపటికి తగ్గిపోయినా సరే, తప్పక చూపించండి. దగ్గు ఆగినా గింజ ఊపిరి గొట్టంలోనే ఉండిపోవచ్చు.