కిట్టి: శిస్తు పిండిన చెక్క

కిట్టి అనే హింసా పరికరంలో చెప్పుకోదగ్గ పనితనమేమీ లేదు. రెండు చెక్కలు, వాటి మధ్య మనిషి వేళ్లు. నిమ్మకాయ పిండే చెక్కలాంటిదని మద్రాసు హింసల కమిషన్ 1855 నివేదికలో వర్ణించింది. పనిచేసేది మీట సూత్రమే. చెక్కలు కలిసే చోటుకు అంగుళం దూరంలో వేలు, పది అంగుళాల దూరంలో బంట్రోతు చెయ్యి ఉంటే, అయిదు కిలోల నొక్కుడు వేలి మీద యాభై కిలోలవుతుంది. వేలి కొసల్లో నరాలు కిక్కిరిసి ఉంటాయి, కండ పలచన. మనిషి స్పృహ తప్పేవాడు, ఒక్కోసారి చెయ్యి శాశ్వతంగా చచ్చుబడేది.

యూరప్‌లో దీని దాయాది బొటనవేలి మర. 1590లో స్కాట్లండ్‌లో గైలిస్ డంకన్ అనే పనిమనిషిని మంత్రగత్తె అన్నారు. వేళ్లు నలిపినా ఆమె ఒప్పుకోలేదు. గొంతు మీద దయ్యం గుర్తు దొరికిందన్నాక ఒప్పుకుంది, ఇంకొందరి పేర్లూ చెప్పింది. వాళ్లనూ పట్టుకున్నారు. స్కాట్లండ్‌లో ఇలాంటి హింసను 1708 చట్టం నిషేధించింది.

ఆ తర్వాత దాదాపు నూట యాభై ఏళ్లకూ ఈస్టిండియా కంపెనీ ఏలిన మద్రాసు రాజ్యంలో కిట్టి పనిలోనే ఉంది. ఇక్కడ దానికి కావలసింది నేరాంగీకారం ఒక్కటే కాదు, శిస్తు కూడా. కడప సీమ 1800లో, కర్నూలు 1839లో కంపెనీ చేతికొచ్చాయి. వాన మొహం చాటేసిన ఏడు మెట్ట రైతు దగ్గర కిస్తీకి డబ్బెక్కడిది? పోనీ ఫిర్యాదు చేద్దామా అంటే, కంపెనీ అధికారి మన్రో 1816లో తెచ్చిన సంస్కరణలతో శిస్తు వసూలు చేసే తహసీల్దారే పోలీసు అధికారి, ఆ పైనున్న కలెక్టరే మేజిస్ట్రేటు. కిట్టికి అసలు బలం చెక్కలో లేదు, ఈ ఏర్పాటులో ఉంది. చెక్క లేని చోట చేతుల మీద పలక పెట్టి బంట్రోతులు ఎక్కి నిలబడేవారని అదే నివేదిక చెప్పింది. మెడను కాలివేళ్లకు వంచి కట్టడానికైతే తాడుముక్క చాలు.

కాబట్టి చెక్కలు కాల్చేస్తే తీరే జబ్బు కాదిది. 1859లో మద్రాసు పోలీసు చట్టం పోలీసును రెవెన్యూ నుంచి విడదీసింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 330వ సెక్షన్ శిస్తు బకాయి కోసం హింసించే రెవెన్యూ అధికారినే ఉదాహరణగా చూపింది. 1872 సాక్ష్య చట్టం పోలీసుకిచ్చిన నేరాంగీకారం చెల్లదంది. నలిపితే మాట రాలుతుంది గానీ అది నిజమన్న పూచీ లేదు. గైలిస్ వేళ్లు నలిపిన ఊళ్లో ఇలాంటి నియమం ఉంటే, ఆమె నోటి నుంచి రాలిన పేర్లు ఎవరి మెడకూ చుట్టుకునేవి కావేమో.