విద్యుత్తు తరంగమై బయలుదేరే చోటు

కడపలో ఆకాశవాణి కేంద్రం 1963లో ప్రారంభమయింది. మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్ వద్ద వినవచ్చే ఆ గొంతు కర్నూలు, కడప ప్రాంతాల పల్లెలకు తాతల కాలం నుండి పరిచయమే. దినపత్రిక చేరని ఊరికి కూడా వార్త చేరేది. అయితే కడపలో పలికిన మాటకూ, నల్లమల అంచున ఒక ఇంటి అరుగు మీద వినిపించిన మాటకూ నడుమ ఒక్క తీగ అయినా లేదు. మరి ఆ మాట దేనినెక్కి వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం ఏంటెన్నాలో ఉంది.

ఊగితేనే తరంగం

టార్చిలైటు తీగలో విద్యుత్తు ఒకే దిశలో నిలకడగా ప్రవహిస్తుంది. ఆ తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది గాని, అది తీగను విడిచి పోదు. అదే విద్యుత్తును ముందుకూ వెనక్కూ వేగంగా ఊగిస్తే పరిస్థితి మారుతుంది. ఎలక్ట్రాన్లు దిశ మార్చిన ప్రతిసారీ చుట్టూ ఉన్న క్షేత్రమూ మారాలి. కాని ఆ మార్పు దూరానికి తక్షణమే చేరదు. సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగంతోనే సాగుతుంది. ఈలోగా ఎలక్ట్రాన్లు మళ్ళీ వెనుదిరుగుతాయి. అప్పుడు క్షేత్రంలో కొంత భాగం తిరిగి తీగను చేరక, విడివడి సాగిపోతుంది. మారే విద్యుత్ క్షేత్రం అయస్కాంత క్షేత్రాన్ని, మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తూ అది ముందుకు నడుస్తుంది. అదే విద్యుదయస్కాంత తరంగం. 1865లో మాక్స్‌వెల్ గణితంతో చెప్పిన ఈ విషయాన్ని 1887-88లో హెర్ట్జ్ ప్రయోగంతో నిరూపించాడు.

మన ఇంటి కరెంటు కూడా సెకనుకు 50 సార్లు ఊగుతున్నదే కదా అని సందేహం రావచ్చు. ఆ లెక్కన దాని తరంగం పొడవు 6,000 కిలోమీటర్లు. దాని ముందు ఇంటి తీగ ఏపాటిది? పైగా పక్కపక్కనే ఉన్న రెండు తీగలలో విద్యుత్తు ఎదురెదురుగా పోతూ ఒకదాని ప్రభావాన్ని మరొకటి కొట్టివేస్తుంది.

పొడవూ, నేలా

900 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 9 లక్షల ఊపులు. తరంగం పొడవు సుమారు 333 మీటర్లు. అందులో పావు వంతు 83 మీటర్లు. నిలువు స్తంభం ఇంచుమించు ఆ ఎత్తులో ఉంటే, ఊయలను సరైన క్షణంలో నెట్టినట్లుగా విద్యుత్తు అందులో చక్కగా ఊగుతుంది. మిగతా సగం పనిని నేల చేస్తుంది. స్తంభానికి అద్దంలోని ప్రతిబింబంలా అది పనికివస్తుంది.

అయితే పొడినేల విద్యుత్తుకు మంచి వాహకం కాదు. శక్తి మట్టిలో వేడిగా వృథా అవుతుంది. అందుకే ఇటువంటి స్తంభాల చుట్టూ బండిచక్రం ఆకుల్లా రాగి తీగలను నేలలో పాతుతారు. నేలను అంటిపెట్టుకొని సాగే తరంగం కూడా తడినేల మీద కంటే పొడినేల మీద త్వరగా నీరసిస్తుంది. మన సీమలో బోరు వేసే రైతే కాదు, రేడియో ఇంజనీరు కూడా నేలలో తడి ఎంతో చూడవలసిందే!

పగటివేళ వాతావరణపు పై భాగంలోని ఒక పొర మీడియం వేవ్ తరంగాలను పీల్చివేస్తుంది. మగ్రిబ్ దాటి చీకటి పడేసరికి ఆ పొర తొలగిపోతుంది. ఇంకా పైనున్న పొరలు తరంగాలను తిప్పి పంపుతాయి. రాత్రిపూట దూరదేశాల కేంద్రాలు వినిపించేది ఇందుకే.

మన ఇంట్లో

ట్రాన్సిస్టర్ లోపల తీగ చుట్టిన ఒక నల్లని కడ్డీ ఉంటుంది. తరంగంలోని అయస్కాంత భాగం ఆ తీగచుట్టలో మళ్ళీ విద్యుత్తును పుట్టిస్తుంది. పిల్లలతో రేడియోను మెల్లగా తిప్పించండి. కడ్డీ కొస కేంద్రం వైపు చూసినప్పుడు శబ్దం తగ్గుతుంది, అడ్డంగా ఉన్నప్పుడు పెరుగుతుంది. సెల్‌ఫోన్ వాడే తరంగాలలో ఒకటి 900 మెగాహెర్ట్జ్, అనగా దీనికి వెయ్యి రెట్లు. అందులో పావు వంతు కేవలం 8 సెంటీమీటర్లు! అందుకే దాని ఏంటెన్నా జేబులో ఇమిడిపోతుంది.

అలాగని పాత రేడియోను అటకెక్కించడం వివేకం కాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళను ముంచెత్తింది. సెల్ టవరు కొద్ది దూరానికే పనిచేస్తుంది, దానికి కరెంటు కావాలి. వరదలో అదీ మూగపోవచ్చు. దూరాన క్షేమంగా నిలిచిన ఒక్క రేడియో స్తంభం మాత్రం ఒకేసారి లక్షలాది ఇళ్ళతో మాట్లాడగలదు. ఎందరు విన్నా దానిపై భారం పెరగదు.

కనుక ప్రతి ఇంటా మీడియం వేవ్ పలికే చిన్న బ్యాటరీ రేడియో ఒకటి ఉంచుకుందాం. బ్యాటరీలను విడిగా భద్రపరచుకుందాం. మిద్దె మీద తీగ ఏంటెన్నా కట్టినవారు ఉరుములు మొదలవకముందే దానిని రేడియో నుండి విడదీయాలి. ఇంట్లో పెద్దవారికి, పిల్లలకు 900 ఎక్కడుందో ఒకసారి తిప్పి చూపిస్తే, ఆపద వేళ వెతుక్కోవలసిన పని ఉండదు.