పోలీసు అధికారుల సంఘం నిధి: చందా, వడ్డీ, విభజన

కల్వకుర్తి: పోలీసు అధికారుల సంఘం నిధి చిన్నదే కావచ్చు. అయినా కానిస్టేబుల్ మరణించిన ఇంటికి ప్రభుత్వపరంగా రావలసిన మొత్తాలకు కాగితాలు కదలవలసి ఉండగా, సంఘం సాయానికి తీర్మానం చాలును. ఆ పెట్టెలో డబ్బు ఉన్నదా అన్నదే ప్రశ్న.

1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం ప్రకారం నిర్ణీత అధికారి అనుమతి లేనిదే సిబ్బంది కార్మిక, రాజకీయ సంఘాలలో చేరరాదు. ఉల్లంఘనకు రెండేళ్ల వరకు జైలు లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. గుర్తింపు పొందిన సంఘానికి సభ్యుల చందాయే సరైన ఆధారం. బయటివారి విరాళాలు యూనిఫాంకు తగినవి కావు.

ఉదాహరణకు 200 మంది నెలకు 20 రూపాయల చొప్పున చెల్లిస్తే ఏడాదికి 48,000 రూపాయలు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే, నేటి 10,000 రూపాయల అంత్యక్రియల సాయం పన్నెండేళ్లకు సుమారు 5,000 పాటిదే అవుతుంది. వేతన సవరణతో జీతం పెరుగుతుంది. చందా మాత్రం సర్వసభ్య సమావేశానికి గుర్తు వచ్చినప్పుడే పెరుగుతుంది!

రాష్ట్రంలో 2021 మార్చిలో పదవీ విరమణ వయస్సు 58 నుండి 61 ఏళ్లకు పెరిగినందున మూడేళ్లపాటు వయోపరిమితి విరమణలు దాదాపు నిలిచిపోయాయి. వీడ్కోలు సాయానికి ఉంచిన సొమ్ము ఆ కాలంలో మిగులుగా కనిపించి ఉంటుంది. అది మిగులు కాదు, వాయిదా పడిన బాకీ. 2024 మార్చి నుండి విరమణలు తిరిగి మొదలయ్యాయి.

డిపాజిట్ల విషయంలో మరొక మెలిక కలదు. సభ్యుల చందాకు పరస్పరతా సూత్రం కింద ఆదాయపు పన్ను వర్తించకపోయినా, బ్యాంకు వడ్డీకి ఆ రక్షణ లేదని సుప్రీంకోర్టు 2013లో బెంగళూరు క్లబ్ కేసులో తీర్పు చెప్పింది. 2023లో సికింద్రాబాద్ క్లబ్ కేసులోనూ అదే వైఖరిని నిలబెట్టింది.

అన్నిటికన్నా చిక్కైనది విభజన. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కల్వకుర్తి, మహబూబ్‌నగర్ నుండి నాగర్‌కర్నూల్ జిల్లాకు మారింది. అదే శాసనసభ నియోజకవర్గంలోని ఆమనగల్లు, తలకొండపల్లి, మాడ్గుల, కడ్తాల్ రంగారెడ్డి జిల్లాలో చేరాయి. 2021 డిసెంబరు నాటి 317 జీవోతో ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయించడం జరిగింది. ఇటువంటప్పుడు పాత జిల్లా పేరిట కట్టిన చందా ఎవరికి చెందాలి? తలల లెక్కన పంచడం సులభం. ఎవరు ఎన్నేళ్లు చెల్లించారో చూసి పంచడం న్యాయం. అయితే రెండవదానికి పాత రశీదు పుస్తకాలు, ఆడిట్ అయిన లెక్కలు భద్రంగా ఉండవలెను.